బెంగళూరులో చెర్రీ కావాలంటే గసగసె చెట్టు పెట్టండి

షిల్లాంగ్‌లో నవంబరులో గులాబీ రంగున పూసే కొండ చెర్రీని చూసొచ్చినవాళ్లు, మన ఇంటి ముందు అది పెరుగుతుందా అని అడుగుతుంటారు. వద్దనే చెప్తాను. అది హిమాలయాల్లో 1200 నుంచి 2400 మీటర్ల ఎత్తులో పెరిగే చెట్టు. కొన్ని వారాలు బాగా చలి తగిలితే గానీ విత్తనం మొలవదు. పండు తినొచ్చు కానీ పులుపు.

పిల్లలు కోసుకు తినాలంటే గసగసె చెట్టే పెట్టండి. ఇది ఇక్కడి కన్నడ పేరు, మన తెలుగువైపు నక్కరేగు అంటారు. చెర్రీ జాతి కాదు, అమెరికా ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చింది. బెంగళూరులో మా మారతహళ్లి వైపు ఖాళీ సైట్లలో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది.

బాగా పండిన నాలుగు పండ్లని నీళ్లలో పిసకండి. గింజలు ఆవగింజలో పావు వంతు కూడా ఉండవు, చుట్టూ జిగురు. ఆ జిగురు పోయేదాకా నీళ్లు మార్చి కడిగి, పల్చటి గుడ్డలో వడగట్టి నీడలో ఆరబెట్టాలి. తర్వాత పొడి ఇసుకలో కలిపి కుండీలో పైపైన చల్లండి. చాలామంది ఇక్కడే మట్టి కప్పేస్తారు. కప్పొద్దు, ఈ గింజకి వెలుతురు తగలాలి. నీళ్లు కూడా స్ప్రేతోనే, చెంబుతో పోస్తే గింజలన్నీ ఓ మూలకి కొట్టుకుపోతాయి.

మొక్క జానెడు ఎదిగాక, జూన్ వానల్లో నేలలో నాటండి. ఎండ బాగా ఉండాలి. కరెంటు తీగల కింద, కారు పెట్టే చోట మాత్రం వద్దు. కొమ్మలు పెళుసు, గాలివానకి విరుగుతాయి. రాలిన పండ్లు, గబ్బిలాల రెట్టలు కారు మీదే పడతాయి. అలా పెట్టి, రెండేళ్లకే కొట్టేయించిన ఇళ్లు చూశాను, ప్రాణం ఉసూరుమంది.

మనిషెత్తు దాటగానే తల తుంచేయండి. కొమ్మలు పక్కలకి గొడుగులా పరుచుకుని పిల్లల చేతికి అందుతాయి. సాధారణంగా రెండో ఏడు నుంచే కాపు.

ఎర్రబడగానే కోయకండి. మెత్తబడి, ముట్టుకుంటే చేతిలోకి వచ్చేదే తీపి. నిలవ ఉండదు, ఆ పూటే తినాలి. పై కొమ్మలవి పిట్టలకి వదిలేయండి, దయచేసి వలలు కట్టొద్దు, గబ్బిలాలు చిక్కుకుని చచ్చిపోతాయి. గిన్నెడు పండ్లు దొరికితే జామ్ చేసుకోవచ్చు. వీటిలో పులుపు తక్కువ కాబట్టి ఉడికేటప్పుడు నిమ్మకాయ పిండండి.