ఐఐఎస్‌సీ ఏరోస్పేస్‌లో పరిశోధన: దరఖాస్తు పని ఆగస్టులోనే మొదలుపెట్టండి

మన శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. ఆయన ఇస్రో పగ్గాలు చేపట్టకముందే బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, అంటే ఐఐఎస్‌సీలో, విండ్ టన్నెళ్లు (నమూనాల మీద గాలి వదిలి పరీక్షించే సొరంగాలు) కట్టించి విద్యార్థులతో పరిశోధన చేయించారు. అక్కడ 1942లో మొదలైన ఏరోస్పేస్ (విమానాలు, రాకెట్ల ఇంజినీరింగ్) విభాగంలో పీహెచ్‌డీకి, పరిశోధన ప్రధానంగా ఉండే ఎంటెక్ రీసెర్చ్‌కి ఏటా దరఖాస్తులు తీసుకుంటారు. మన జిల్లా కాలేజీల్లో బీటెక్ చదివేవాళ్లు చాలామంది "అది ఐఐటీ వాళ్లకే" అనుకుని అసలు ఫారమే నింపరు. నాకు బాధ కలిగించేది అదే. బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయొచ్చు. చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ చేయొచ్చు. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ వాళ్లకూ అక్కడ చోటుంది.

దరఖాస్తుల పోర్టల్ సాధారణంగా ఫిబ్రవరిలో తెరుచుకుని మార్చిలో మూసేస్తారు. కానీ దానికి కావలసిన గేట్ పరీక్షకు, అంటే ఇంజినీరింగ్ పై చదువులకు పెట్టే జాతీయ పరీక్షకు, రిజిస్ట్రేషన్ అంతకుముందు ఆగస్టు చివర్లో మొదలవుతుంది. అది దాటిపోతే దాదాపు ఏడాది పోయినట్టే. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి మూడో సంవత్సరంలోనే ఒకసారి రాసి చూడటం మంచిది. విభాగం ఏయే గేట్ పేపర్లు ఒప్పుకుంటుందో ఆ ఏటి ప్రకటనలో చదివాకే పేపరు ఎంచుకోండి.

ఇక కాగితాలు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మీ సేవలో తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థలో పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేరని చెప్పే) సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. రాష్ట్ర జాబితాలో బీసీగా ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో ఉండవు, ముందు అది చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్ల) సర్టిఫికెట్ అయితే ఏ ఆర్థిక సంవత్సరానికి ఇచ్చారన్నది ముఖ్యం. తహసీల్దారు ఆఫీసులో ఆలస్యం కావచ్చు కాబట్టి జనవరిలోనే అప్లై చేయండి. పేరు సంగతి కూడా చూడండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉండటం మనకు మామూలే. గేట్ ఫారం నింపకముందే ఆ తేడా సరిచేయించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఫారం ఆన్‌లైన్‌లోనే. ఈమెయిల్‌తో లాగిన్ తెరిచి, చదువు వివరాలు, గేట్ రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చి, ఫోటో, సంతకం, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి ఫీజు కట్టాలి. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ వాడొద్దు, చదువు అయ్యాక అది పనిచేయకపోతే ఇంటర్వ్యూ కబురు మీకు చేరదు.

దరఖాస్తులు వడపోసి, అందులో నిలిచినవాళ్లను ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఈ విభాగంలో ప్రధానంగా ఏరోడైనమిక్స్ (గాలి ప్రవాహం), ప్రొపల్షన్ (ఇంజిన్లు), స్ట్రక్చర్స్ (నిర్మాణం, బలం), గైడెన్స్ అండ్ కంట్రోల్ (దారి చూపడం, అదుపు) అనే నాలుగు దారులున్నాయి. మీకు నిజంగా పట్టున్న దానికే సిద్ధమవ్వండి. ఫ్యాషన్‌గా వినిపిస్తోందని హైపర్‌సోనిక్స్ (ధ్వని కంటే ఎన్నో రెట్ల వేగం) అని చెప్పి, బౌండరీ లేయర్ (ఉపరితలాన్ని ఆనుకుని ఉండే పలుచని గాలి పొర) అంటే ఏమిటని అడిగితే తడబడటం కంటే, బీమ్ (దూలం) బరువుకు ఎలా వంగుతుందన్న దాని గురించి నిదానంగా బొమ్మ గీసి చెప్పడం ఎంతో మేలు. గణితం తప్పక అడుగుతారు: మాత్రికలు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినంత వరకు ఆలోచిస్తూ పైకి మాట్లాడండి. పరిశోధనకు వచ్చే మనిషి ఎలా ఆలోచిస్తాడన్నదే వాళ్లకు కావాలి.

ఇంట్లో వాళ్లు మొదట అడిగేది డబ్బు గురించే కదా. 2023 సవరణ ప్రకారం పీహెచ్‌డీ ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఉద్యోగం చేస్తున్నవాళ్లకు ఎక్స్‌టర్నల్ రిజిస్ట్రేషన్ అనే వేరే పద్ధతి ఉంది, దానికి పనిచేసే సంస్థ అనుమతి కావాలి.

ఇంకా రెండో, మూడో సంవత్సరంలో ఉన్నారా? మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ప్రయత్నించండి. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. ఒక చిన్న వ్యాసం, మీకు పాఠం చెప్పిన అధ్యాపకుడి సిఫారసు లేఖ కావాలి. ఆ లేఖ కోసం చివరి రోజు పరిగెత్తకుండా, మీ ప్రాజెక్టు గురించి ఒక పేజీ రాసి ఇప్పుడే మీ సార్‌కో మేడమ్‌కో ఇచ్చి రండి.