బ్రౌజర్ భద్రతను పరీక్షించే ఓపెన్ సోర్స్ ఫజ్జర్ ఎలా తయారు చేయాలి?

హనుమకొండ నయీంనగర్ నుంచి ఇంజనీరింగ్ చదివే పిల్లలు తరచూ లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. "అన్నా, నా టూల్‌తో బ్రౌజర్ క్రాష్ అయింది" అంటారు. ఏదీ, చూపించు అంటాను. రన్ చేస్తారు. బ్రౌజర్ చక్కగా నడుస్తూనే ఉంటుంది. "రాత్రి అయింది అన్నా, ఇప్పుడు మళ్ల వస్తలేదు" అంటారు, ముఖం చిన్నబోతుంది. రాత్రంతా పడిన కష్టం అలా నీళ్లపాలు కావడం చూడలేకే ఇది రాస్తున్నాను.

ఫజ్జర్ అంటే బ్రౌజర్‌కు వేల కొద్దీ వింత పేజీలు ఇచ్చి, ఎక్కడ తడబడుతుందో పట్టుకునే ప్రోగ్రామ్. జెస్సీ రుడర్‌మన్ 2007లో బయటపెట్టిన జేఎస్‌ఫన్‌ఫజ్ ఫైర్‌ఫాక్స్ జావాస్క్రిప్ట్ ఇంజన్‌లో వందల బగ్‌లు పట్టింది. 2017లో గూగుల్ భద్రతా పరిశోధన బృందం ప్రాజెక్ట్ జీరోకు చెందిన ఇవాన్ ఫ్రాట్రిచ్ డొమాటో అనే ఫజ్జర్‌ను ఐదు బ్రౌజర్ల మీద నడిపితే, ఒక్క సఫారీలోనే 17 భద్రతా లోపాలు దొరికాయి. డొమాటో కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. మీది మొదలుపెట్టే ముందు దాన్ని ఒకసారి చదవండి.

కావలసినవి

లైనక్స్ ఉన్న కంప్యూటర్, 16 జీబీ ర్యామ్, పైథాన్. బ్రౌజర్‌ను సోర్స్ నుంచి మీరే బిల్డ్ చేసుకునే పని పెట్టుకోకండి, క్రోమియం ఒక్కదానికే 100 జీబీ ఖాళీ జాగా కావాలి. అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) కలిపి తయారైన బిల్డ్‌లు రెడీగా దొరుకుతాయి. ఫైర్‌ఫాక్స్‌కైతే ఫజ్‌ఫెచ్ అనే చిన్న టూల్ వాటిని దించిపెడుతుంది. మామూలు బ్రౌజర్ వదిలేసిన మెమరీని మళ్లీ తాకినా ఒక్కోసారి ఏమీ కానట్టే ముందుకు పోతుంది. ఈ బిల్డ్ అక్కడికక్కడే ఆగి, ఆ మెమరీని ఏ లైన్ వదిలిందో, ఏ లైన్ మళ్లీ తాకిందో రాసిస్తుంది. వేగం దాదాపు సగానికి పడిపోతుంది, అయినా సరే. పరీక్షించేది మీ కంప్యూటర్‌లోని బ్రౌజర్‌నే. కాలేజీ వెబ్‌సైట్ జోలికి పోవద్దు.

పేజీలు పుట్టించడం

చాలామంది ఒక మంచి హెచ్‌టీఎంఎల్ ఫైల్ తీసుకుని అందులో అక్షరాలు తారుమారు చేస్తారు. బొమ్మలకు, ఫాంట్లకు ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. హెచ్‌టీఎంఎల్ పార్సర్ (పేజీని చదివి అర్థం చేసుకునే భాగం) మాత్రం దేన్నీ తిప్పికొట్టదు, తప్పుడు ట్యాగ్ కనిపిస్తే తెలియని ట్యాగ్‌గానో మామూలు టెక్స్ట్‌గానో తీసుకుని ఊరుకుంటుంది. లోపలి పొరల దాకా మీ పరీక్ష చేరనే చేరదు. అందుకే వ్యాకరణం రాయాలి: ఏ ట్యాగ్‌లో ఏ ట్యాగ్ ఉండొచ్చు, ఏ ఆబ్జెక్ట్ మీద ఏ ఫంక్షన్ పిలవొచ్చు అన్న నియమాల పట్టిక. 30 నియమాలతో మొదలుపెడితే చాలు.

నడిపించడం

పైథాన్ నుంచి బ్రౌజర్‌ను తెరవండి, పది సెకన్లు చూడండి, మూసేయండి, అది ఎర్రర్లు రాసే దారిని ఫైల్‌లోకి మళ్లించండి. ప్రతిసారీ కొత్త ప్రొఫైల్ వాడాలి. ఇది ఒక సాయంత్రం పని.

దొరికిన క్రాష్‌ను మళ్లీ రప్పించడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే. మళ్లీ రప్పించలేని క్రాష్‌ను డెవలపర్ ముందు పెడితే అతను వెతకడానికి ఏ ఆధారమూ ఉండదు.

మొదటి తప్పు, పేజీలో మ్యాథ్ డాట్ ర్యాండమ్ వాడటం. ఆ ఫంక్షన్‌కు సీడ్ (ర్యాండమ్ అంకెల వరుసకు మొదలు నంబర్, అదే సీడ్ ఇస్తే అదే వరుస వస్తుంది) ఇచ్చే వీలు జావాస్క్రిప్ట్‌లో లేదు. పేజీ తెరిచిన ప్రతిసారీ కొత్త అంకెలు, కొత్త దారి. కొందరు సీడ్ ఇవ్వగలిగే ర్యాండమ్ ఫంక్షన్‌ను సొంతంగా రాసి పేజీలో పెడతారు, అది కొంత నయం. నా పద్ధతి ఇంకా గట్టిది. ఏ ట్యాగ్, ఏ ఫంక్షన్, ఏ విలువ అన్న ఎంపికలన్నీ ముందే పైథాన్‌లో జరిగిపోవాలి. బ్రౌజర్‌కు చేరే పేజీలో లాటరీ అన్నదే ఉండకూడదు.

సీడ్ ఒక్కటే దాచుకుంటే చాలదా అంటారు. చాలదు. గత వేసవిలో నా టూల్‌కు ఒక మంచి యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (వదిలేసిన మెమరీని మళ్లీ తాకే లోపం) దొరికింది. సీడ్ నంబర్ రాసుకున్నాను, పేజీని దాచలేదు. మర్నాడు వ్యాకరణంలో ఒక్క ట్యాగ్ చేర్చాను. అంతే, అదే సీడ్‌కు వేరే పేజీ పుట్టింది. మార్పు తీసేసి చూశాను, అప్పటికి ఇంకో రెండు నియమాల వరుస కూడా మారిపోయి ఉంది. వారం రోజులు వెతికినా ఆ పేజీ దొరకలేదు. అప్పటి నుంచి నాలుగూ కలిపి దాస్తున్నాను: పేజీ, సీడ్, ఫజ్జర్ కమిట్ నంబర్ (ఆ రోజు కోడ్ ఏ రూపంలో ఉందో గిట్ గుర్తుపెట్టే నంబర్), బ్రౌజర్ బిల్డ్ నంబర్.

పేజీని బ్రౌజర్‌లో తెరవకముందే డిస్క్‌లో రాసేయాలి. రాయడమంటే ఎఫ్‌సింక్ పిలిచి, అది నిజంగా డిస్క్‌లో పడే దాకా ఆగాలి. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయిందంటే, ర్యామ్‌లో ఉన్న పేజీ కూడా పోతుంది.

వేగం కోసం ఒకే బ్రౌజర్‌లో యాభై పేజీలు వరుసగా తెరిచేవాళ్లున్నారు. యాభయ్యో పేజీలో క్రాష్ వస్తుంది, కానీ దాని బీజం మూడో పేజీలో పడి ఉంటుంది. ఒక పేజీకి ఒక బ్రౌజర్, ఇదే నియమం. రాత్రికి తక్కువ పేజీలు నడిస్తే నడవనివ్వండి.

ఇక చెత్త ఏరివేత, అంటే గార్బేజ్ కలెక్షన్ (జీసీ). వదిలేసిన మెమరీని బ్రౌజర్ ఎప్పుడు తీసేస్తుందో మీ చేతిలో లేకపోతే, ఒకసారి క్రాష్ వస్తుంది, తొమ్మిదిసార్లు రాదు. ఫైర్‌ఫాక్స్ ఫజ్జింగ్ బిల్డ్‌లలో చెత్త ఏరివేతను పేజీ నుంచే పిలిచే ఫంక్షన్ ఉంటుంది. క్రోమియంలో జావాస్క్రిప్ట్ ఇంజన్‌కు ఎక్స్‌పోజ్ జీసీ అనే ఆప్షన్ ఇవ్వాలి. వ్యాకరణంలో ప్రతి పది వాక్యాలకు ఒకసారి ఆ పిలుపు పడేలా పెట్టండి. పేజీలో టైమర్లు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

క్రాష్ రాగానే అదే ఫైల్‌ను పదిసార్లు నడపండి. ఎనిమిదిసార్లు వచ్చిందంటే చెరగడం మొదలుపెట్టొచ్చు. చాటలో బియ్యం చెరిగినట్టే, పొట్టు పోవాలి, గింజ మిగలాలి. 900 లైన్ల ఫైల్‌లో సగం తీసేసి నడపండి. క్రాష్ వస్తే ఆ సగం అక్కర్లేదు. రాకపోతే వెనక్కి పెట్టి రెండో సగం తీయండి. ఆ తరువాత పావు, అందులో సగం, చివరికి ఒక్కో లైన్. లిథియం అనే టూల్ ఇదంతా తానే చేస్తుంది. ఈ మధ్య ఒక అబ్బాయి ఫైల్‌ను నా టేబుల్ మీదే ఇలా చెరిగాం. ఒక టేబుల్ ట్యాగ్, దాన్ని కదిలించే రెండు వాక్యాలు, మొత్తం 11 లైన్లు మిగిలాయి.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. "ఏదో క్రాష్ వచ్చింది" అన్నంత మాత్రాన ముందుకు పోకూడదు. సికింద్రాబాద్ పోవాల్సిన బండి కాజీపేటలో పట్టాలు మారి విజయవాడ దారి పట్టినట్టు, చెరుగుతుండగా అసలు బగ్ జారిపోయి వేరే క్రాష్ చేతికొస్తుంది. చాలాసార్లు అది మెమరీ నిండిపోవడమో, సున్నా చిరునామాను తాకడమో అయి ఉంటుంది. భద్రత దృష్టితో చూస్తే అలాంటివాటికి సాధారణంగా విలువ తక్కువ. ఎర్రర్ రకం, స్టాక్‌లో (క్రాష్ దాకా ఒకదాన్నొకటి పిలిచిన ఫంక్షన్ల జాబితాలో) పై మూడు ఫంక్షన్ల పేర్లు రెండూ కలిస్తేనే అదే క్రాష్ అని మీ ప్రోగ్రామ్ ఒప్పుకోవాలి.

అందరికీ ఇవ్వడం

లైసెన్స్ ఫైల్ మొదటి రోజే పెట్టండి. లైసెన్స్ లేని కోడ్ కంటికి కనిపించినా, వాడుకునే హక్కు ఎవరికీ ఉండదు. నేను ఎంఐటీ లైసెన్స్ తప్ప వేరేది పెట్టను.

క్రాష్ ఫైళ్లున్న ఫోల్డర్‌ను గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చాకే మొదటి కమిట్ చేయండి. సరిచేయని లోపాన్ని చూపించే పేజీ అందరి కంట పడితే, దానితో నష్టపోయేది మనలాంటి మామూలు జనమే. ఫైర్‌ఫాక్స్ బగ్ అయితే వాళ్లు బగ్‌లు తీసుకునే సైట్ బగ్‌జిల్లాలో భద్రతా సమస్య అన్న గడిలో టిక్ పెట్టి పంపండి, అప్పుడది బయటివాళ్లకు కనబడదు. ప్యాచ్ యూజర్లకు చేరి, బగ్ పేజీని ఫైర్‌ఫాక్స్ వాళ్లే అందరికీ తెరిచాక, మీరు చెరిగిన చిన్న ఫైల్‌ను రిపోజిటరీలోని పరీక్షల ఫోల్డర్‌లో చేర్చండి.