పోయే దారి సరే, వచ్చే దారేది? చిన్న నెట్‌వర్క్‌లో స్టాటిక్ రూట్ పని చేయకపోతే

"ఏటి బాబూ, గోడౌన్ కెమెరాలు ఆఫీసులో కనిపించట్లేదేటి?"

కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్ నడిపే ఒకాయన పొద్దున్నే ఫోన్ చేశారు. ఆమదాలవలసలో బండెక్కి పలాసలో దిగేసరికి పదకొండయింది. అక్కడి నుంచి మూడు గంటలు ఆఫీసు రూటర్‌తో కుస్తీ పట్టాను. తప్పు ఆఫీసులో లేనేలేదు. ఆ మూడు గంటలు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

ముందు కాగితం మీద బొమ్మ గీయండి. ఈ పని దాటేసి నేరుగా కీబోర్డు పట్టుకోకండి. మా బొమ్మ ఇదీ: ఆఫీసు నెట్‌వర్క్ 192.168.10.0, ఆఫీసు రూటర్ 192.168.10.1. ఇంటర్నెట్ దీనికే వస్తుంది. వెనక వీధిలో గోడౌన్, అక్కడి నెట్‌వర్క్ 192.168.20.0. మధ్యలో వైర్‌లెస్ లింక్. గోడౌన్ రూటర్‌కు రెండు కాళ్లు, అంటే ఒక్కో వైపు ఒక్కో అడ్రస్: ఆఫీసు వైపు కాలు 192.168.10.2, గోడౌన్ వైపు కాలు 192.168.20.1. కెమెరాల రికార్డర్ 192.168.20.50. రెండు చోట్లా ఒకే నెట్‌వర్క్ నంబరు, ఉదాహరణకు 192.168.1.0, పెట్టేసి ఉంటే ఇక్కడే ఆగి ముందు ఒకదాన్ని మార్చండి. ఏ రూటూ దాన్ని బాగుచేయదు.

ఇప్పుడు ఆఫీసు రూటర్‌లో రాసిన స్టాటిక్ రూట్, అంటే ఫలానా నెట్‌వర్క్‌కు ఇటు పంపు అని మనం చేత్తో రాసిన దారి, చదవండి. అందులో ఉండేవి మూడే: ఎక్కడికి పోవాలి (192.168.20.0), ఆ నెట్‌వర్క్ ఎంత పెద్దది (మాస్క్ 255.255.255.0), ఎవరి చేతికివ్వాలి (నెక్స్ట్ హాప్ 192.168.10.2). ఎక్కువమంది తప్పు చేసేది మూడోదాంట్లో. నెక్స్ట్ హాప్ అంటే ఈ రూటర్ నేరుగా అందుకోగలిగిన అడ్రస్ కావాలి. 192.168.20.1 అని రాస్తే కుదరదు, ఆ కాలు ఏటికి అవతలి ఒడ్డున ఉంది. కంప్యూటర్ల మాస్కులు కూడా చూడండి. ఆఫీసు కంప్యూటర్‌లో 255.255.0.0 అని ఉంటే గోడౌన్ కూడా తన వీధిలోనే ఉందనుకుంటుంది. రూటర్‌కు ఇవ్వకుండా అక్కడే కేకలేసి వెతుకుతుంది.

తర్వాత ఆఫీసు కంప్యూటర్ నుంచి నాలుగు పింగ్‌లు ('ఉన్నావా' అని అడిగి జవాబు కోసం చూడటమే పింగ్), వరుస తప్పకుండా: 10.1, 10.2, 20.1, 20.50. అన్నిటికీ ముందు 192.168 ఉన్నట్టే.

10.2 దగ్గరే ఆగిందా? అది ఎక్కువగా వైర్‌లెస్ లింక్ గొడవో కేబుల్ గొడవో. రూట్ జోలికి పోకండి. 10.2 పలికి 20.1 పలకకపోతే చాలావరకు ఆఫీసు రూటర్‌లో రూట్ లేదు, లేదా తప్పుగా ఉంది. 20.1 దాకా పలికి 20.50 ఒక్కటే పలకకపోతే మీ రూట్ పని చేస్తోంది. జబ్బు అవతల ఉంది. ఒక్క జాగ్రత్త: అవతల ఉన్నది విండోస్ కంప్యూటర్ అయితే దాని ఫైర్‌వాల్ (కాపలా ప్రోగ్రాం) వేరే నెట్‌వర్క్ నుంచి వచ్చే పింగ్‌కు మామూలుగా జవాబివ్వదు. అందుకే ప్రింటర్‌నో రికార్డర్‌నో పింగ్ చేసి చూడటం మేలు.

దారి కళ్లతో చూడాలంటే ట్రేసర్ట్ కమాండ్ ఉంది. మైనస్ డి కలిపి కొడితే పేర్ల కోసం వెతక్కుండా త్వరగా తేలుస్తుంది. గోడౌన్‌కు బయల్దేరిన ప్యాకెట్ (డేటా మూట) 10.1 దాటాక ఇంటర్నెట్ కంపెనీ అడ్రస్‌ల వైపు పోతుంటే, రూటర్‌కు గోడౌన్ దారి తెలియక డిఫాల్ట్ దారిలో (ఏ దారీ తెలియనివాటికి వాడే దారిలో) బయటికి తోసేస్తోందన్నమాట. 10.1, 10.2, మళ్లీ 10.1, 10.2 అని తిరుగుతుంటే, పింగ్‌లో 'టీటీఎల్ ఎక్స్‌పైర్డ్' (ప్యాకెట్‌కు ఇచ్చిన అడుగుల లెక్క అయిపోయింది) అని వస్తుంటే, రెండు రూటర్లూ బంతాట ఆడుతున్నాయి. దీనికి కారణం చాలాసార్లు చిన్నదే. గోడౌన్ స్విచ్ కేబుల్ ఊడిపోతుంది. తన 20.0 కాలు పడిపోయిందని గోడౌన్ రూటర్ ఆ దారి మరిచిపోయి, వచ్చినదాన్ని తన డిఫాల్ట్ దారిలో ఆఫీసుకే తిప్పి పంపుతుంది.

ఇక అసలు సంగతి. ప్యాకెట్ వెళ్తే చాలదు, జవాబు తిరిగి రావాలి. ఆ తిరుగు దారి ఇవతలి రూటర్‌కు తెలిస్తే సరిపోదు, అవతలి పరికరానికి తెలియాలి. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని కనిపించగానే అందరం పోయే దారినే అనుమానిస్తాం. ఆ రోజు నేనూ అదే చేశాను. కిందటి సాయంత్రమే కొత్త రికార్డర్ బిగించిన కుర్రాడు ఐపీ సరిగ్గానే పెట్టాడు, మాస్క్ సరిగ్గానే పెట్టాడు, గేట్‌వే గడి (వేరే నెట్‌వర్క్‌కు పోయేవి ఎవరి చేతికివ్వాలో చెప్పేది) మాత్రం ఖాళీగా వదిలేశాడు. గోడౌన్‌లో ఫోన్ పెట్టి చూస్తే కెమెరాలు చక్కగా వస్తున్నాయి, ఎందుకంటే అదే నెట్‌వర్క్. ఆఫీసు నుంచి అడిగితే ప్రశ్న చేరుతోంది గానీ జవాబు ఎటు పంపాలో రికార్డర్‌కు తెలియదు. గేట్‌వేలో 192.168.20.1 అని కొట్టాను, కెమెరాలన్నీ వచ్చాయి. రికార్డర్, ప్రింటర్, వేలిముద్ర మెషిన్ లాంటివాటిలో ఈ గడి ముందే చూడండి.

గోడౌన్‌లో మామూలు వైఫై రూటర్ పెట్టి, ఆఫీసు నుంచి వచ్చిన వైరు వ్యాన్ (WAN, ఇంటర్నెట్ వైరు కోసం ఉండే) పోర్టులో గుచ్చితే ఇంకో చిక్కు. అది నాట్ (NAT) చేస్తుంది, అంటే లోపలి అడ్రస్‌లన్నిటినీ తన ఒక్క అడ్రస్ వెనక దాచేస్తుంది, బయటి నుంచి వచ్చేవాళ్లను లోపలికి రానివ్వదు. దాని దృష్టిలో మీ ఆఫీసే 'బయట'. నాట్, ఫైర్‌వాల్ ఆపే సౌకర్యం అందులో లేకపోతే రూట్లతో తల పగలగొట్టుకోకండి. వేరే రూటర్ కొనండి.

పింగ్ వస్తుంది, రికార్డర్ పేజీ తెరుచుకోదు. ఇది మనిషికి నిజంగా టెన్షన్ పెట్టే రకం. మన బొమ్మలో కంప్యూటర్ ప్యాకెట్ 10.1 మీదుగా 10.2కు పోతుంది. జవాబు మాత్రం 10.2 నుంచి నేరుగా కంప్యూటర్‌కు వచ్చేస్తుంది, రెండూ ఒకే వీధిలో ఉన్నాయి కాబట్టి. సగం మాటలే విన్న ఆఫీసు రూటర్ ఫైర్‌వాల్‌కు అనుమానమొచ్చి మిగతావి ఆపేయవచ్చు. పరీక్షకు, విండోస్‌లో అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రూట్ యాడ్‌తో ఆ కంప్యూటర్‌కే 20.0 దారి 10.2 మీదుగా చెప్పండి. పేజీ వెంటనే తెరుచుకుంటే దొంగ దొరికినట్టే. ఒకటి రెండు కంప్యూటర్లయితే అలాగే ఉంచేయవచ్చు. ఎక్కువుంటే రెండు రూటర్ల మధ్య లింక్‌కు వేరే చిన్న నెట్‌వర్క్ కేటాయించి, అప్పుడు రెండు వైపులా రూట్లు రాయడమే పద్ధతి.

విండోస్‌లో రూట్ యాడ్‌కు మైనస్ పి కలపకపోతే మెషిన్ ఆపి వేయగానే ఆ రూట్ పోతుంది. లినక్స్‌లో ఐపీ రూట్ యాడ్ కూడా అంతే, సెట్టింగ్స్ ఫైల్లో రాయాలి. కొన్ని రూటర్లలో మార్పుల్ని విడిగా సేవ్ చేయాలి. కాబట్టి అంతా పని చేస్తోందనిపించాక రెండు రూటర్లకీ, మీరు రూట్ రాసిన కంప్యూటర్‌కీ కరెంటు తీసి మళ్లీ పెట్టండి. అయిదు నిమిషాలాగి ఆ నాలుగు పింగ్‌లు మళ్లీ కొట్టండి. నేనలా కొట్టి, గీసిన బొమ్మను ఆయన రూటర్ పెట్టె తలుపుకు లోపలి వైపు అతికించి, సాయంత్రం బండికి తిరిగొచ్చాను.