ప్రశ్న గ్రూపులో ఉంది, జవాబు లేదు: ఏసీ సర్వీస్ టీమ్ వాట్సాప్ సమస్యలు - పరిష్కారాలు

ఏప్రిల్ వచ్చిందంటే ఏసీ సర్వీస్ టీమ్ గ్రూపులు మోగిపోతుంటాయి. ఒకప్పుడు సీనియర్ వెనకాల టూల్ బ్యాగు మోస్తూ రెండు మూడు వేసవులు తిరిగితే గానీ పని వచ్చేది కాదు. ఇప్పుడు కుర్రాడు డాబా మీద నుంచే పీసీబీ (ఏసీలోని సర్క్యూట్ బోర్డు) ఫోటో పెడతాడు, కిందికి దిగేలోపు జవాబు వస్తుంది. ఇంత సౌకర్యం ఉన్నా వచ్చే వేసవికి మళ్లీ అవే ప్రశ్నలు. లోపం ఎక్కడుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

సమస్య: అడిగిందే మళ్లీ అడుగుతున్నారు

"అన్నా, ఇండోర్ యూనిట్‌లో ఈ6 ఎర్రర్ కోడ్ చూపిస్తోంది, ఏం చేయాలి?" పోయిన నెల ఇంకెవరో ఇదే అడిగారు.

కారణం: కుర్రాళ్లకు శ్రద్ధ లేదని తిట్టే ముందు పాత చాట్ పైకి జరిపి చూడండి. ప్రశ్న ఉంటుంది, ఫోటో ఉంటుంది. "కమ్యూనికేషన్ వైర్ చూడు", "పీసీబీ పోయినట్టుంది", "వోల్టేజ్ ఎంతుంది?" అని జవాబులుంటాయి. ఆ కింద ఒక బొటనవేలు బొమ్మ. అంతే! చివరికి తేలిందేమిటో ఆ మెకానిక్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఊహలన్నీ గ్రూపులో మిగిలాయి, అసలు విషయం అతని బుర్రలోనే ఉండిపోయింది.

పరిష్కారం: ప్రశ్న అడిగినవాళ్లే, కస్టమర్ ఇంటి నుంచి కదిలే ముందు, తమ ప్రశ్నకే రిప్లై కొట్టి ముగింపు మెసేజ్ పెట్టాలి. ఇలా:

"తేలింది. 1.5 టన్ను ఇన్వర్టర్, మోడల్ నంబర్ ఫోటోలో ఉంది. ఈ6. అవుట్‌డోర్ దగ్గర కమ్యూనికేషన్ వైర్‌ని ఎలుక కొరికింది. వైర్ మార్చాను. పీసీబీ బాగానే ఉంది."

ఇందులో అన్నిటికంటే విలువైనది ఆఖరి మాట. పీసీబీ మార్చాలని కస్టమర్‌కి వేలల్లో ఎస్టిమేట్ చెప్పబోయే ఇంకో కుర్రాణ్ని ఆపేది అదే. మోడల్ నంబర్ కూడా తప్పనిసరి. చాలా మోడళ్లలో ఈ6 అంటే ఇండోర్‌కీ అవుట్‌డోర్‌కీ మధ్య కమ్యూనికేషన్ లోపం, కానీ అన్నిటిలోనూ కాదు.

"తేలింది" అనే మాటను అందరూ ఒకేలా, ఒకే లిపిలో రాయాలి. ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే సెర్చ్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. ముగింపు మెసేజ్ రానిదే కాల్ (సర్వీస్ కంప్లైంట్) క్లోజ్ చేయనని సూపర్‌వైజర్ గట్టిగా నిలబడితే కొద్దిరోజుల్లో అలవాటైపోతుంది.

ఇది ఫోన్లతో పుట్టిన సంగతి కాదు. 1980ల్లో జూలియన్ ఓర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు జిరాక్స్ కంపెనీ టెక్నీషియన్ల వెంట తిరిగి చూశాడు. మాన్యువల్‌లో దొరకని జవాబులు వాళ్లకు టిఫిన్ల దగ్గర చెప్పుకునే కబుర్లలో దొరికేవి. 1990ల్లో ఆ కంపెనీ 'యురేకా' పేరుతో ఒక ఏర్పాటు చేసి, ముందు ఫ్రాన్స్‌లో నడిపింది. టెక్నీషియన్ చిట్కా రాస్తాడు, అనుభవం ఉన్న ఇంకొకరు సరిచూస్తారు, రాసినవాడి పేరుతోనే అది అందరికీ వెళుతుంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ పేరు పెట్టడం. మన దగ్గర కుర్రాడు కనిపెట్టింది నెలాఖరు మీటింగులో సూపర్‌వైజర్ పేరు మీద వస్తుంది. తర్వాత వాడెందుకు రాస్తాడు?

సమస్య: జవాబు సరైనదే, పెట్టింది వేరే ఏసీకి

పాత మెసేజ్‌లో "65 వచ్చేదాకా గ్యాస్ కొట్టు" అని దొరికింది. అలాగే చేశాడు. కూలింగ్ రాలేదు.

కారణం: ఆ సలహా ఆర్22 అనే పాత రకం గ్యాస్ వాడే మెషీన్‌కి ఇచ్చింది. దానికి సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి వెళ్లే గ్యాస్ ఒత్తిడి) 60-70 పీఎస్ఐ ఉంటే సరిపోతుంది. ఆర్410ఏ, ఆర్32 అనే కొత్త రకం గ్యాస్‌లకు దాదాపు రెట్టింపు ఉంటుంది. పైగా ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి ప్రెషర్ ఒక్కటే చూసి గ్యాస్ ఎంతుందో చెప్పలేం. మన దేశంలో కొత్త ఏసీల తయారీలో ఆర్22 వాడకం 2025 జనవరి 1 నుంచి ఆగిపోయినా, పాతవి ఇళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అందుకే రెండు రకాల సలహాలూ ఒకే గ్రూపులో పక్కపక్కనే ఉంటాయి.

పరిష్కారం: గ్యాస్ పేరు లేకుండా ఎవరూ అంకె చెప్పకూడదు. ముందు నేమ్‌ప్లేట్ (మెషీన్ మీద వివరాలుండే పట్టీ) ఫోటో, తర్వాతే కంప్లైంట్. పాత మెసేజ్ కనబడితే దాని కిందే "ఇది ఆర్22కి మాత్రమే" అని రిప్లై పెట్టండి. ఎడిట్ చేద్దామంటే పంపిన 15 నిమిషాల వరకే కుదురుతుంది. ఆర్32కి మంట అంటుకునే గుణం కొంత ఉంది. కాబట్టి దాని విషయంలో ఫార్వర్డ్ మెసేజ్‌లు వద్దు. కంపెనీ మాన్యువల్ చూడాలి, వ్యాక్యూమ్ చేసి (పైపుల్లోని గాలి, తేమ లాగేసి) నేమ్‌ప్లేట్ మీదున్న బరువు ప్రకారం తూకం వేసి నింపాలి.

సమస్య: సీనియర్ చెప్పింది దొరకడం లేదు

కారణం: ఆయన చెప్పిందంతా వాయిస్ మెసేజ్. సెర్చ్ వెతికేది అక్షరాలనే.

పరిష్కారం: చేతులకు గ్రీజుతో ఉన్న మనిషిని టైప్ చేయమంటే చెప్పడమే మానేస్తాడు. ఆయన్ని అలా వదిలేయండి. అడిగిన కుర్రాడే విని, దాని కింద రెండు లైన్లలో సారం రాయాలి. తప్పుగా అర్థమైతే సీనియర్‌కి అక్కడే కనబడుతుంది, సరిచేస్తాడు. కుర్రాడికీ టైపింగ్ బద్ధకమైతే కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెప్పొచ్చు.

సమస్య: వైరింగ్ ఫోటో తెరుచుకోదు, తెరుచుకున్నా మసక

అప్పట్లో డౌన్‌లోడ్ చేసుకోలేదు, ఇప్పుడు సర్వర్‌లో లేదు. లేదా స్టోరేజ్ నిండిందని ఫోన్‌లో తీసేశారు. డయాగ్రమ్‌లను డాక్యుమెంట్‌గా పంపితే మసక రాదు. ఎలాగూ వాటి చోటు గ్రూపు కాదు. కంపెనీ ఖాతాలో మోడల్ వారీగా డ్రైవ్ ఫోల్డర్ పెట్టి, లింకును గ్రూపు డిస్క్రిప్షన్‌లో ఉంచండి. పిన్ చేస్తే 30 రోజులకు మించి ఉండదు. గ్రూపులో కొత్తగా చేరినవాళ్లకు పాత మెసేజ్‌లు వాటంతట అవి కనబడవు కాబట్టి వాళ్లకూ ఈ ఫోల్డరే దిక్కు. "తేలింది" మెసేజ్‌లను కూడా నెలకోసారి ఎవరో ఒకరు అందులోకి ఎక్కించాలి.

సమస్య: గ్రూపులో నిశ్శబ్దం, ప్రైవేటుగా ఫోన్లు

కారణం: ఎప్పుడో ఒకరు "ఇది కూడా తెలీదా?" అన్నారు. ఓనర్ చూస్తున్నాడు. ఆ రోజు నుంచి ఎవరూ గ్రూపులో అడగరు, తమకు నచ్చిన సీనియర్‌కి ఫోన్ కొడతారు. సీనియర్‌కీ ఒక లెక్క ఉంటుంది: తెలిసిందంతా చెప్పేస్తే రేపు నన్నెవరు పిలుస్తారు?

పరిష్కారం: వెటకారాన్ని సూపర్‌వైజర్ అక్కడికక్కడే, అందరి ముందే ఆపాలి. ఓనర్ లేని సాంకేతిక గ్రూపు ఒకటి విడిగా ఉండాలి. సీనియర్ భయానికి మాత్రం ఫోన్ సెట్టింగుల్లో మందు లేదు. ఇన్సెంటివ్‌ని ఒక్కొక్కరి కాల్స్ మీద కాకుండా, టీమ్ మొత్తానికి రిపీట్ కంప్లైంట్లు తగ్గినదాన్ని బట్టి ఇస్తే చెప్పడంలో ఆయనకూ లాభం ఉంటుంది.

సమస్య: కస్టమర్ ఫోన్ నంబర్, ఇంటి ఫోటోలు గ్రూపులో

కాల్ నంబర్ ఒక్కటి చాలు. ఫోటోలో మెషీన్ తప్ప బెడ్‌రూమ్ పడకూడదు. వ్యక్తిగత డేటాకి 2023లో చట్టమే వచ్చింది.

సమస్య: శుభోదయాల్లో కంప్లైంట్ మునిగిపోతోంది

పండగ శుభాకాంక్షలకు వేరే గ్రూపు పెట్టండి, ఎవరికి వాళ్లు మ్యూట్ చేసుకుంటారు.