మొండి స్పీకర్లకు (అంటే గట్టిగా మోగాలంటే ఎక్కువ పవర్ అడిగేవాటికి) సరిపడే యాంప్లిఫైయర్ ఎంచుకోవడం ఎలా?

పెద్ద యాంప్ పెడితేనే స్పీకర్ కాలుతుంది, చిన్నదాంతో భయం లేదని చాలామంది అంటారు. నేనూ అదే నమ్మి చిన్న యాంప్‌ని వాల్యూమ్ చివరిదాకా తిప్పి వాడాను, రెండు ట్వీటర్లూ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) పోయాయి. యాంప్ తన శక్తి దాటాక సిగ్నల్ అంచులు కోసేసినట్టు చదునైపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు పుట్టే అదనపు హై ఫ్రీక్వెన్సీలు నేరుగా ట్వీటర్‌కే వెళ్తాయి, అందులోని సన్నటి కాయిల్ ఆ వేడికి తట్టుకోలేదు.

ముందు మీ స్పీకర్ సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి 1 మీటర్ దూరంలో ఎంత గట్టిగా మోగుతుందో) ఎంతో, ఇంపెడెన్స్ (కరెంటుకి అది ఇచ్చే అడ్డు) ఎన్ని ఓమ్‌లో చూడండి. అమెరికాలో తయారైన మాగ్నెపాన్ ఎల్ఆర్ఎస్ అనే, పలుచటి పలకలా ఉండే ప్యానెల్ స్పీకర్‌నే తీసుకుందాం: 2.83 వోల్టులకు 86 డెసిబెల్స్, 4 ఓమ్‌లు. చాలామంది పొరబడేది ఇక్కడే. 2.83 వోల్టులంటే 8 ఓమ్‌ల స్పీకర్‌లో 1 వాట్, కానీ 4 ఓమ్‌లలో 2 వాట్లు. అంటే 1 వాట్‌కి దీని సెన్సిటివిటీ నిజానికి 83 డెసిబెల్సే.

ఇక లెక్క. రెండు స్పీకర్లు కాబట్టి 3 కలిపితే 86. మీరు 3 మీటర్ల దూరంలో కూర్చుంటే, ఆరుబయట అయితే 9 పైనే తగ్గుతుంది గానీ గదిలో గోడల సాయం ఉంటుంది కాబట్టి ఓ 6 తీసేయండి, 80 మిగులుతుంది. డోలు మీద గట్టి దెబ్బ పడినప్పుడు 100 డెసిబెల్స్ అందాలంటే ఇంకో 20 కావాలి, 20 డెసిబెల్స్ అంటే వంద రెట్లు. అంటే ఒక్కో స్పీకర్‌కి 100 వాట్లు, అదీ 4 ఓమ్‌ల దగ్గర. 50 వాట్ల యాంప్ అయితే తేడా 3 డెసిబెల్సే, అందుకే 80 వాట్లకీ 100 వాట్లకీ మధ్య తేడా కోసం డబ్బు పెట్టొద్దు.

ఈ లెక్క అంచనా మాత్రమే, మీ ఇంట్లో అసలు ఎంత వాడుతున్నారో మల్టీమీటర్ చెబుతుంది. మీరు వినే పాటల్లో బాగా గట్టిగా ఉన్నది పెట్టి, ఇంతకు మించి ఎప్పుడూ పెంచను అనిపించే చోట వాల్యూమ్ ఆపండి. యాంప్ ఆఫ్ చేసి స్పీకర్ వైర్లు తీసేయండి (గాజు ట్యూబులతో నడిచే వాల్వ్ యాంప్‌కి మాత్రం ఇది అస్సలు చేయకండి, లోడ్ లేకుండా నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు). అదే వాల్యూమ్‌లో మైనస్ 12 డెసిబెల్స్ (రికార్డింగ్ గరిష్ఠ స్థాయి కంటే 12 తక్కువ, వోల్టుల్లో నాలుగో వంతు), 120 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ప్లే చేసి, మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి యాంప్ వెనక ఉన్న స్పీకర్ టెర్మినల్స్ దగ్గర చూడండి. వచ్చిన అంకెని 4తో గుణించాలి. నాకు 3.5 వచ్చింది, అంటే 14 వోల్టులు. 14ని 14తో గుణించి 4 ఓమ్‌లతో భాగిస్తే 49 వాట్లు. బాస్ నాబ్ పెంచే అలవాటుంటే అలా పెంచి ఉంచే ఈ కొలత తీసుకోండి, బాస్ 6 డెసిబెల్స్ పెంచితే ఆ భాగానికి నాలుగింతల పవర్ కావాలి.

యాంప్ కొనేటప్పుడు బాక్స్ మీది పెద్ద అంకెని వదిలేయండి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో (శబ్దం అంత చెడిపోయాక) చెప్పిన వాట్లని నేను లెక్కలోకే తీసుకోను. 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, రెండు ఛానెళ్లూ ఒకేసారి నడిచినప్పుడు ఎంతో అడగండి. 8 ఓమ్‌లకు 100 ఇచ్చేది 4 ఓమ్‌లకు 200కి దగ్గరగా ఇస్తే దాని పవర్ సప్లైలో సత్తా ఉన్నట్టే. 4 ఓమ్‌ల అంకె అసలు రాయకపోతే నేనైతే ఆ యాంప్ జోలికి పోను. పైగా 4 ఓమ్‌లని రాసిన స్పీకర్ కూడా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3కి దిగొచ్చు, ఇంపెడెన్స్ గ్రాఫ్ దొరికితే తప్పకుండా చూడండి. కొన్ని రిసీవర్ల (యాంప్, రేడియో కలిసి ఉండే పెట్టెల) వెనక ఉండే 4 ఓమ్‌ల స్విచ్ వోల్టేజీని తగ్గించి వేడిని అదుపు చేస్తుందే తప్ప పవర్ పెంచదు.

ఇంటికి తెచ్చాక మీరు వినే గట్టి వాల్యూమ్‌లో అరగంట నడపండి. బాస్ దెబ్బకి యాంప్ తనను కాపాడుకునే ప్రొటెక్షన్ పడి ఆగిపోతుంటే ముందు వైర్లు ఎక్కడైనా షార్ట్ అయ్యాయేమో చూడండి, అవి బాగుంటే ఆ యాంప్ ఈ స్పీకర్లని లాగలేకపోతోంది, మార్చేయండి.