ఫ్లింట్‌లాక్‌తో గురి కుదరాలంటే: మందు సంగతి తర్వాత, ముందు ప్యాచ్ చూడండి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ అయ్యాక ఫ్లింట్‌లాక్‌తో (చెకుముకి రవ్వతో పేలే, మూతి నుంచి నింపే పాతకాలపు తుపాకీ) జింకల్ని వేటాడే సీజన్ వస్తుంది. దానికి ముందు కాల్చి చూసుకునే రేంజ్‌కి వెళ్తే ప్రతి ఏడూ ఇదే తంతు. గుళ్లు చెదిరిపోతుంటే ఇంకో పది గ్రెయిన్ల (ఇదో చిన్న కొలత) తుపాకి మందు పోస్తారు, అవి ఇంకా చెదురుతాయి, చివరికి తుపాకీయే మంచిది కాదని తేల్చేస్తారు. (ఇండియాలో 1972 చట్టం ప్రకారం వేట నేరం. ఇది అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడేవాళ్ల కోసం.)

.50 క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం అనుకుందాం. .490 అంగుళాల మెత్తని సీసపు గుండు, .015 అంగుళాల మందం నూలు ప్యాచ్ (గ్రీజు రాసి గుండు చుట్టూ పెట్టే గుడ్డముక్క), త్రీ-ఎఫ్ అనే సన్నరకం నల్లమందు, మందు కొలిచే కొలగొట్టం చాలు. నల్లమందుకి బదులు అమ్మే పైరోడెక్స్ లాంటివి వద్దు, చెకుముకి రవ్వకి సరిగా అంటుకోవు. ఇప్పటి తుపాకుల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ అయితే గొట్టమే పేలిపోతుంది, దాని జోలికే పోవద్దు. మందుకొమ్ము నుంచి నేరుగా గొట్టంలోకి పోయకండి. లోపల నిప్పు మిగిలి ఉంటే కొమ్ము చేతిలోనే పేలుతుంది.

50 గజాల్లో, 50 గ్రెయిన్లతో మొదలుపెట్టి ఐదేసి పెంచండి, కొలతకి మూడు గుళ్లు. తయారీదారు చెప్పిన గరిష్ఠం దాటొద్దు. ప్రతిసారీ గొట్టాన్ని తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. గుండు మందుకి ఆనేదాకా దిగాలి, మధ్యలో ఖాళీ ఉంటే ప్రమాదం. అందుకే గుండుని లోపలికి దించే రాడ్ మీద గీత పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పని. కాల్పులు ఆగాక గొట్టం ముందు నేల మీద పడిన ప్యాచ్‌లు ఏరండి. టార్గెట్ దగ్గరికి పరుగెత్తేవాళ్లే గానీ వీటికోసం వంగేవాళ్లు కనపడరు. బాగున్న ప్యాచ్ మధ్యలో నల్లగా మసి, చుట్టూ గొట్టం గాళ్ల (గుండుని తిప్పే లోపలి మెలిగాడుల) అచ్చులు, అంచు కాస్త పీచు, అంతే. మధ్యలో కాలి చిల్లు పడిందంటే గుడ్డ పల్చన, లేదా గ్రీజు చాలలేదు. గుండు ఆనిన చోట చుట్టూ కోతలుంటే గొట్టం గాళ్ల అంచులు గానీ, మూతి అంచు గానీ పదునుగా ఉన్నట్టు, కొత్త గొట్టాల్లో ఇది మామూలే. చీలికలు పేలికలుగా వస్తే గుడ్డలో పస లేదు.

ప్యాచ్ పాడైతే వేడి గాలి గుండు పక్కనుంచి తప్పించుకుంటుంది, గుండుకి తిప్పుడు సరిగా అందదు. అప్పుడు మందు పెంచితే చిల్లు పెద్దదవుతుంది తప్ప గురి కుదరదు. .018 గుడ్డకి మారండి, గంజి పోయేలా ఉతికి వాడండి. సింథటిక్ కలిసిన బట్ట కరిగి గొట్టానికి అంటుకుంటుంది. ప్యాచ్ బాగుపడేదాకా మందు కొలత ముట్టుకోకండి.

రేంజ్‌లో ఉమ్మితో తడిపి, అడవిలో గ్రీజు వాడితే గుండు వేరే చోట పడుతుంది. ఉమ్మి ప్యాచ్‌తో లోడు చేసి గంటలు కూర్చుంటే మందు కూడా చెమ్మగిల్లుతుంది. వేటకి వాడే గ్రీజుతోనే మొదటినుంచీ కాల్చాలి.

70 గ్రెయిన్ల దగ్గర గుళ్లు దగ్గరపడి 85కి విచ్చుకున్నాయా, 70 దగ్గరే ఆగండి. 50 గజాల్లో జింకకి అది చాలు. తర్వాత తుడిచిన చల్లటి గొట్టంతో రోజుకో గుండు చొప్పున కాల్చి చూడండి. అడవిలో మీకు దొరికేది ఆ మొదటి గుండే కాబట్టి, అది పడిన చోటికే సైట్ సరిచేసుకోవాలి.