ఇంట్లోనే ల్యూర్ తయారీ – 3వ పాఠం: సీసం ఎంత, ఎక్కడ?

ల్యూర్ అంటే చేపలు నిజమైన ఎర అనుకుని కరిచే ఎర బొమ్మ. రెండో పాఠం ముగిసేసరికి మీ చేతిలో ఒక కర్ర చేప ఉండాలి. పొడవు 100 మిల్లీమీటర్లు, ఎత్తు 22, మందం 16, అంటే చిన్న కవళ్ల చేపంత. కడుపు వెంట ముక్కు నుంచి తోక దాకా 11 మి.మీ. లోతు చీలిక, ముక్కు కింద 45 డిగ్రీల వాలులో సన్నటి గాడి, ఒంటి నిండా రెండు పూతల సీలర్ (కర్ర నీళ్లు పీల్చకుండా వేసే పూత). ఈ దశలో రంగు వేసెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. వెయ్యకండి. నీళ్లలో సరిగ్గా ఈదని ల్యూర్‌కు ఎంత మంచి రంగు వేసినా అది షోకేసుకే పనికొస్తుంది. ఈదుతుందా లేదా అన్నది ఈ పాఠంలోనే తేలిపోతుంది.

ఈ రోజు పని మూడు వస్తువులతో: లోపలి తీగ, కడుపులో సీసం, ముక్కు కింద పలక. ఈ పలకను గాలం వేసేవాళ్లంతా లిప్ అనే అంటారు, మనమూ అలాగే అందాం.

కావలసినవి

1 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ 20 సెంటీమీటర్లు. 316 రకం దొరికితే మంచిది, 304 అయినా నడుస్తుంది. మేస్త్రీలు ఇనుప చువ్వలకు కట్టే బైండింగ్ తీగ మాత్రం వద్దు. సముద్రం నీళ్లు తగిలిన కొద్ది రోజులకే కర్ర లోపల తుప్పు పట్టి, కనిపించకుండా తెగుతుంది. విసురు వలకు కుట్టే సీసం గుళ్లు గుప్పెడు. ఫిషింగ్ హార్బర్ దగ్గర వల సామాన్లు అమ్మే కొట్లలో అడగండి. నాలుగో నంబరు మూడుముళ్ల గాలాలు రెండు, వాటిని లూపులకు తగిలించే స్టెయిన్‌లెస్ స్ప్లిట్ రింగులు (తాళాల గుత్తి రింగులాంటివి) రెండు. పాత సీడీ ఒకటి. నెమ్మదిగా గట్టిపడే ఆరాల్డైట్. 6 మి.మీ. డ్రిల్ బిట్, గుండ్రటి కొనల ప్లయర్. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు కూడా కావాలి. ఇది లేకుండా ఈ పాఠం మొదలుపెట్టకండి.

ముందు లెక్క

సీసం ఎంత పెట్టాలని అడిగితే చాలామంది చెప్పేది ఒక్కటే జవాబు: మూడు గ్రాములో నాలుగు గ్రాములో. అది వాళ్ల కర్రకు సరిపోయిన లెక్క. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర వేరు, కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి వేరు. తెల్లపొణికి బాగా తేలిక, అంకుడు దానికంటే బరువు. ఒకే అచ్చులో కోసినా రెండింటికీ పట్టే సీసం ఒకటి కాదు. మీ కర్రను మీరే తూచుకోవాలి. దానికి వంటింటి గ్లాసు చాలు.

పొడవాటి గ్లాసులో మూడు వంతులు ఉప్పునీళ్లు పొయ్యండి. లీటరుకు 35 గ్రాముల కల్లుప్పు, అంటే అర లీటరుకు 17 గ్రాముల పైచిలుకు. గ్లాసును త్రాసు మీద పెట్టి అంకెను సున్నాకు తెచ్చుకోండి. కర్ర చేప చీలికను, గాడిని సెల్లో టేపుతో మూసి, దాని తోక కొనలో సన్న సూది గుచ్చి, సూదితోనే కర్రను నీళ్లలోకి నిలువుగా నొక్కండి. తోక కొన కూడా మునగాలి గానీ కర్ర గ్లాసు అడుగుకూ గోడకూ తగలకూడదు. తగిలితే త్రాసు మీ చేతి బలాన్ని కూడా కలిపి చూపిస్తుంది, లెక్క తప్పుతుంది. కర్ర పూర్తిగా మునిగినప్పుడు కనబడే అంకె ఆ ఒళ్లు నీళ్లలో ఎన్ని గ్రాములు మోయగలదో చెబుతుంది.

ఒక కర్రకు లెక్క ఇలా వచ్చిందనుకుందాం. మునిగినప్పటి అంకె 20.8. కర్ర బరువు 8.1. గాలాలు, రింగులు కలిపి 4.4. తీగ 1.2. లిప్ 0.6. రేపు వేయబోయే జిగురు, రంగు, పైపూతలకు 2.2 పక్కన పెట్టాలి. ఇవన్నీ కలిపితే 16.5. 20.8లోంచి తీసేస్తే 4.3 గ్రాములు మిగిలాయి. ఆ 4.3 మొత్తం సీసం పెడితే ల్యూర్ తేలదు, మునగదు, మధ్యలో వేలాడుతుంది. మనకు కావలసింది తేలే రకం, కాబట్టి ఒక గ్రాము దాకా వదిలేసి 3.2 గ్రాములు పెడదాం. గాలాలు నీళ్లలో మునిగాక వాటి బరువు ఎనిమిదో వంతు దాకా తగ్గుతుంది గనుక అసలు ల్యూర్ లెక్క కంటే కాస్త పైకే తేలుతుంది. ఆ వెసులుబాటు ఉండనివ్వండి.

మంచినీళ్లలో లెక్క కడితే ఏమవుతుంది? ఇంత ఒంటికి తేడా అర గ్రాము. సముద్రంలో మధ్యలో వేలాడేలా చేసుకున్న ల్యూర్ చెరువులో అడుక్కి పోతుంది. భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోట వానాకాలంలో వరద నీళ్లు వచ్చినప్పుడు కూడా ఇదే సమస్య. తేలే రకానికి ఒక గ్రాము మిగులు పెట్టింది ఇందుకే.

రంధ్రాలు, తీగ

6 మి.మీ. రంధ్రంలో నిండుగా కూరిన సీసం, ఒక్కో మిల్లీమీటరు లోతుకు 0.32 గ్రాములు తూగుతుంది. 3.2 గ్రాములంటే పది మిల్లీమీటర్లు. అంత లోతు ఒకే రంధ్రం చేస్తే సీసం తీగకు అడ్డం వస్తుంది, పైగా బరువు నడుము దాకా ఎక్కుతుంది. అందుకని రెండు రంధ్రాలు: ముక్కు నుంచి 30 మి.మీ. దగ్గర ఒకటి, 52 దగ్గర ఇంకొకటి. ఒక్కొక్కదానిలో 5 మి.మీ. సీసం, దాని మీద జిగురుకు ఒక మిల్లీమీటరు, మొత్తం 6 మి.మీ. లోతు. డ్రిల్ బిట్‌కు 6 దగ్గర టేపు చుట్టుకుంటే లోతు దాటదు. కర్ర మెత్తన కాబట్టి మిషను లేకుండా బిట్‌ను చేత్తో తిప్పినా దిగుతుంది.

తీగ ఒకటే ముక్క. ముక్కు దగ్గర లూపు, లోపల నడుము వెంట సాగి, 41 మి.మీ. దగ్గర కిందికి దిగి కడుపు కింద లూపు, మళ్లీ పైకి ఎక్కి తోక దగ్గర మూడో లూపు. స్క్రూ కొక్కేలతో పని సులువు కదా అంటారు. మెత్తని కర్రలో స్క్రూకు పట్టు ఉండదు. పార చేప తల విదిలిస్తే కొక్కెం ఊడి, గాలం చేప నోట్లో, కర్ర మీ దగ్గర మిగులుతాయి. తీగ ముక్కు నుంచి తోక దాకా ఒకటే అయితే కర్ర రెండు ముక్కలైనా చేప తాడు మీదే ఉంటుంది.

లూపు లోపలి వెడల్పు 3 మి.మీ. చాలు. లూపు తిప్పాక తీగ కొసను కర్ర లోపల కనీసం 10 మి.మీ. వెనక్కి మడిచి ఉంచండి. మడత లేకపోతే లాగినప్పుడు లూపు విచ్చుకుంటుంది.

సీసం గుళ్లను న్యూస్‌పేపరు మీద సుత్తితో కొట్టి, కత్తిరించి, తూచి రెండు వాటాలు చేసుకోండి. కరిగించే పని ఈ వరసలో ఎక్కడా లేదు. సీసం పొగ పిల్లలున్న ఇంట్లో అసలు పనికిరాదు, వంట గిన్నెలో అంతకంటే వద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, కాగితం మడిచి పారెయ్యండి.

లిప్

సీడీ పాలికార్బనేట్‌తో చేస్తారు, మందం 1.2 మి.మీ. మనకు అచ్చంగా సరిపోతుంది. డీవీడీ వాడకండి. అది 0.6 మందం పలకలు రెండు అతికించినది, నీళ్లు తగిలి విడిపోతుంది. సీడీ అద్దం పొరను కత్తి మొనతో గీసి టేపు అతికించి పీకితే వచ్చేస్తుంది. అలాగే కత్తిరిస్తే పగుళ్లు పాకుతాయి. వేడి నీళ్లలో ఓ నిమిషం ఉంచి, పెద్ద కత్తెరతో గీత బయట రెండు మి.మీ. వదిలి కత్తిరించి, మిగతాది ఎమరీ పేపరుతో అరగదియ్యండి. వెడల్పు 16 మి.మీ., పొడవు 22. అందులో 8 గాడి లోపలికి, 14 బయటికి. బయటి అంచు అర్ధచంద్రాకారం. అంచు మొదటిసారి ఎగుడు దిగుడుగా రావడం మామూలే. దాన్ని సగానికి మడిచిన కాగితం అచ్చుతో సరిచూసుకోండి. ఎడమ పక్కా కుడి పక్కా ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా ల్యూర్ పక్కకు లాగుతుంది.

బకెట్ పరీక్ష

ఇంకా జిగురు తియ్యలేదు, గమనించారా? తీగ చీలికలో దిగేసి, సీసాన్ని కొవ్వొత్తి మైనంతో రంధ్రాల్లో అతికించి, చీలికను మైనంతోనే మూసి, లిప్‌ను గాడిలో బిగించి, గాలాలు తగిలించండి. పది లీటర్ల నీళ్లలో 350 గ్రాముల ఉప్పు కలిపిన బకెట్‌లో వదలండి.

వీపు నీళ్ల పైన 4 నుంచి 6 మి.మీ. కనబడాలి. ఇంకా జిగురు, రంగు పడలేదు, అవి పడ్డాక రెండు మూడు మిల్లీమీటర్లు దిగుతుంది. తోక కొంచెం కిందికి వాలడం మంచిదే. తల కిందికి వాలితే ముందు రంధ్రంలోంచి అర గ్రాము తీసి వెనక దాంట్లో పెట్టండి. తర్వాత వేలితో ల్యూర్‌ను పక్కకు పడుకోబెట్టి వదిలెయ్యండి. తటాలున లేచి నిలబడాలి. బద్ధకంగా లేస్తే బరువు పైన ఉందని అర్థం, సీసాన్ని కడుపు అంచుకు దించండి. లేవనే లేవకపోతే సీసం చాలలేదు. మైనం అయితే పది సార్లు మార్చుకోవచ్చు, ఆరాల్డైట్ గట్టిపడితే డ్రిల్లే గతి.

బకెట్‌లో బాగా తేలిందని అక్కడితో ఆగకండి. రెండు మీటర్ల దారం కట్టి సిమెంటు తొట్టిలోనో, అలలు లేని వేళ భీమిలి మొగ దగ్గరో నడిచే వేగంతో లాగి చూడండి. రాళ్ల మీద నుంచి ఈ పరీక్ష చెయ్యకండి. విశాఖలో తెన్నేటి పార్కు కింద పాచి పట్టిన రాళ్లకు మీ ల్యూర్ ముఖ్యం కాదు.

లాగినప్పుడు గిరగిరా తిరుగుతోందంటే ముందు లిప్ చూడండి. పదికి తొమ్మిదిసార్లు అది వంకరగా దిగి ఉంటుంది. నిటారుగానే ఉంటే లిప్ పెద్దదైంది, వెడల్పు ఒక్కో మిల్లీమీటరు తగ్గిస్తూ రండి. ఊగకుండా కట్టెలా వస్తోందంటే దానికి ఎదురు: లిప్ చిన్నది లేదా సీసం ఎక్కువ. ఊగుతూనే ఒక పక్కకు పోతోందంటే సంతోషించండి, అది సులువు. ముక్కు మీ వైపు తిప్పి పట్టుకుని, ఎటు పోతోందో దానికి ఎదురు వైపుకు ముక్కు లూపును ప్లయర్‌తో వెంట్రుకవాసి వంచండి. కంటికి కనిపించేంత వంచితే ఎక్కువైనట్టే. మళ్లీ లాగండి, మళ్లీ వంచండి.

చాలామంది ఇక్కడ ఒక తప్పు చేసి ల్యూర్‌ను నిందిస్తారు. దారాన్ని లూపుకు బిర్రుగా ముడి వేస్తే ల్యూర్ తల కదలదు. వదులుగా ఉండే లూపు ముడి వెయ్యండి, లేదా చిన్న స్నాప్ (తెరిచి మూసే తీగ కొక్కెం) తగిలించండి.

జిగురు

పరీక్ష నెగ్గిన తర్వాత అన్నీ విప్పి, మైనం ఆనవాలు లేకుండా తుడవండి. మైనం ఉన్నచోట ఆరాల్డైట్ పట్టదు. రెండు ట్యూబులనుంచి సమానంగా తీసుకుని, రెండు నిమిషాలు ఆగకుండా కలపండి. చీలిక నింపే వాటాలో ఎమరీ పట్టినప్పుడు రాలిన కర్ర పొట్టు కొంచెం కలిపితే జారిపోదు. ఐదు నిమిషాల రకం వాడితే లిప్ సరిచేసేలోపే బిగుసుకుంటుంది.

విశాఖలో ఈ పనికి మధ్యాహ్నం మంచిది. తెల్లవారుజామున, వాన పడే రోజున గాలిలో చెమ్మ ఎక్కువ. ఆరాల్డైట్ పైన జిడ్డు పొరలా తేలుతుంది, దాని మీద రంగు నిలవదు. అలా తేలితే గట్టిపడ్డాక గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఎమరీ పట్టండి.

వరస ఇది: ముందు తీగ, దాని కింద సీసం, దాని మీద జిగురు, చివర లిప్. లిప్ పెట్టాక ముక్కు వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. ముక్కు లూపు, కడుపు లూపు, తోక లూపు ఒకే గీతలో, లిప్ ఆ గీతకు అడ్డంగా, రెండు పక్కలా సమానంగా కనబడాలి. పావుగంటకోసారి, గంట దాకా చూస్తూనే ఉండండి. జిగురు మెల్లగా జారుతుంది, లిప్ దానితోపాటు ఒరుగుతుంది. తోక లూపుకు దారం కట్టి ఫ్యాను గాలి తగలని చోట వేలాడదీసి, 24 గంటలు ముట్టుకోకండి.

మర్నాడు గాలాలు తగిలించి మరోసారి బకెట్‌లో వదలండి. నాలుగో పాఠంలో రంగు, రేకు పొలుసులు, పైపూత కలిపి ఇంకో గ్రామున్నర దాకా పడతాయి. కాబట్టి ఇప్పుడు వీపు కనీసం 4 మి.మీ. బయట ఉండాలి. ఉంటే కర్ర బరువు, సీసం బరువు, లిప్ కొలత నోట్‌బుక్‌లో రాసుకోండి. కర్ర మీద పెన్సిల్‌తో రాస్తే వచ్చే వారం రంగు కింద పోతుంది.